మన ఒంటికి మనమే జవాబుదారీ

(మా నగర తెలుగు సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్యం గురించి మాట్లాడమని కార్యవర్గం వారు అడిగినప్పుడు, "నేను డాక్టరుని కాదండీ, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. మన ఊళ్ళో రాయి విసిరితే ఏదో ఒక తెలుగు డాక్టరుగారింటి మీద పడుతుంది కదా, వాళ్ళని పిలవండి" అన్నాను. "డాక్టర్లు చెప్తే మనవాళ్ళు తల ఊపి వెళ్ళిపోతారు. మీరు చెప్తే కనీసం పోట్లాడతారు" అన్నారు కార్యదర్శిగారు. పైగా సరిగ్గా భోజనాలకి ముందు అరగంట ఇచ్చారు. అవతల గుత్తివంకాయ వాసన వస్తూంటే ఇవతల ఆరోగ్యం గురించి చెప్పడం కత్తి మీద సామే. అయినా ప్రయత్నిస్తాను. వైద్యం చెప్పను. అది చెప్పడానికి నాకు అర్హత లేదు. మనలాంటి మామూలు మనిషి తన ఒంటి విషయంలో ఎంతవరకు తెలుసుకోగలడు, ఎంతవరకు చెయ్యగలడు అన్నది మాత్రం చెప్తాను.

మనమంతా గర్వంగా చెప్పుకునే పేరు ఒకటుంది, యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టారు. 1920లలో అమెరికా వచ్చారు. మనకంటే ముందు వచ్చిన తెలుగువాళ్ళల్లో ఆయన పెద్దన్నగారి లాంటివారు. మన కండరాలకి శక్తినిచ్చే ఎ.టి.పి. మీద, ఫోలిక్ యాసిడ్ మీద, కాన్సర్ మందుల మీద, బోదకాలు మందు మీద ఆయన చేసిన పని వల్ల ప్రపంచంలో ఎంతమంది బతికారో లెక్క కట్టలేం. అంతటి మనిషి 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, గుండె ఆగి పోయారు.

సరిగ్గా అదే 1948లో, ఆయన మొదట కాలు పెట్టిన బోస్టన్ నగరం పక్కనే, ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న ఊళ్ళో ఒక అధ్యయనం మొదలైంది. ఊళ్ళో వాళ్ళని 5,209 మందిని ఎంచుకుని, వాళ్ళ బి.పి., కొలెస్టరాల్, అలవాట్లు అన్నీ రాసుకుంటూ, ఎవరికి గుండెజబ్బు వస్తోంది, ఎవరికి రావట్లేదు అని ఏళ్ళ తరబడి చూస్తూ పోయారు. ఈవేళ మనం ఎడాపెడా వాడే "రిస్క్ ఫాక్టర్" అన్న మాట 1961లో ఆ అధ్యయనం వాళ్ళు రాసిన వ్యాసంతోనే వాడుకలోకి వచ్చింది. గుండెజబ్బు అనేది హఠాత్తుగా ఆకాశం నుంచి ఊడిపడదని, పదిహేను ఇరవై ఏళ్ళ ముందు నుంచే అంకెల రూపంలో కనిపిస్తుందని ప్రపంచానికి తెలిసింది అక్కడే.

ఇందులో నాకు కనిపించిన సంగతి ఒకటే. సుబ్బారావుగారికి తన గుండెలో ఏం జరుగుతోందో తెలుసుకునే సాధనం లేదు. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందు ఈ దేశంలో మొదటిసారి ఆమోదం పొందింది 1987లో. అంచేత ఆయన్ని ఎవరూ జవాబు అడగలేరు. మనకి మాత్రం ఆ అంకెలు తెలుసుకోవడానికి ఒక చిన్న గొట్టం రక్తం, పది నిమిషాల టైము చాలు. తెలుసుకునే వీలున్న చోటే బాధ్యత మొదలవుతుంది.

ఆ 53 అన్న అంకె నాకు మళ్ళీ ఇంకోచోట ఎదురైంది. 2004లో ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 52 దేశాల్లో, మొదటిసారి గుండెపోటు వచ్చిన సుమారు 15,000 మందిని, అంతే సంఖ్యలో రానివాళ్ళని పోల్చి చూశారు. మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53. మిగతా దేశాల వాళ్ళకి దాదాపు 59. అంటే మనవాళ్ళు ఆరేళ్ళు ముందున్నారన్న మాట. పిల్లల్ని స్పెల్లింగ్ బీలో, లెక్కల పోటీల్లో ముందుండమంటాం గానీ, ఇందులో ముందుండమని ఎవరం అడగలేదు.

అదే అధ్యయనంలో మంచి వార్త కూడా ఉంది. మొత్తం ముప్పులో 90 శాతానికి తొమ్మిది కారణాలే లెక్కకొచ్చాయి. పొగ, రక్తంలో కొవ్వు, బి.పి., షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి, పళ్ళూ కూరలూ తక్కువ తినడం, ఒళ్ళు కదపకపోవడం, మద్యం విషయం. ఈ తొమ్మిదింటిలో ఒక్కటి కూడా మన చేతికి పూర్తిగా అందనిది లేదు.

మరి అందులో ఏముంది, అందరికీ తెలిసిందేగా అంటారేమో. తెలిసినా మనం చెప్పే సాకులు కొన్ని ఉన్నాయి. శనివారం పార్టీల్లో విన్నవి నాలుగు వరసపెట్టి చెప్తాను.

మొదటిది: "నాకేం, నేను సన్నగానే ఉన్నాను."

పూణేలో యాజ్ఞిక్ అనే డాక్టరుగారు, లండన్‌లో యుడ్కిన్ అనే డాక్టరుగారు, ఇద్దరూ మిత్రులు. 2004లో ఇద్దరూ కలిసి తమ ఫోటోనే ఒక వైద్య పత్రికలో వేయించుకున్నారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒకటే, 22.3. ఇద్దరూ పైకి ఒకేలా కనిపిస్తారు. ఒంట్లో కొవ్వు కొలిస్తే ఇంగ్లీషాయనకి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం! మనవాళ్ళకి కండ తక్కువ, లోపలి కొవ్వు ఎక్కువ. చొక్కా కింద ఏముందో తూకం యంత్రానికి తెలియదు.

అందుకే అమెరికన్ డయాబెటీస్ అసోసియేషన్ వారు 2015 నుంచి మనలాంటి ఆసియా సంతతి వాళ్ళకి షుగర్ పరీక్ష చేయించాల్సిన బి.ఎం.ఐ. హద్దుని 25 నుంచి 23కి దించారు. 170 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 23 అంటే సుమారు 66 కిలోలు, 146 పౌండ్లు. ఈ హాల్లో ఆ ఎత్తు ఉండి, 160 పౌండ్లుండి, "ఒళ్ళు రావట్లేదండీ" అని బాధపడే తమ్ముళ్ళు నాకు తెలుసు. బరువు కంటే టేపు మంచి సాక్షి. మనవాళ్ళకి నడుం కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే ముప్పయ్యయిదున్నర అంగుళాలు, ఆడవారికి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పయ్యొకటిన్నర అంగుళాలు దాటకూడదు. కొలిచేది బొడ్డు దగ్గర. పాంటు సైజు చెప్తే కుదరదు, పాంటు మనం పొట్ట కిందకి దించి కట్టుకుంటాం కాబట్టి.

ఈ దేశంలో ఉన్న దక్షిణాసియా వాళ్ళ మీదే మసాలా అనే పేరుతో ఒక అధ్యయనం 2010లో మొదలైంది. పేరు వింటే నవ్వొస్తుంది, ఫలితాలు చూస్తే నవ్వు ఆగిపోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో, షికాగోలో 40 ఏళ్ళు దాటిన మనవాళ్ళు 906 మందిని తీసుకుని చూశారు. వయసు తేడాని సరిచేసి చూస్తే మనవాళ్ళల్లో డయాబెటీస్ ఉన్నవారు 23 శాతం. అలాంటి అధ్యయనంలోనే తెల్లవారిలో 6 శాతం.

రెండోది: "మా తాతగారు గరిటెడు నెయ్యి వేసుకుని, మూడు పూటలా అన్నం తిని, తొంభై ఏళ్ళు బతికారండీ."

నిజమే, బతికారు. కానీ తాతగారు తెల్లారకుండా లేచి పొలానికి నడిచి వెళ్ళేవారు, నడిచి వచ్చేవారు. మనం కంప్యూటరు ముందు నుంచి కారులోకి, కారులోంచి సోఫాలోకి మారతాం. తాతగారి అన్నం మనం తింటున్నాం గానీ తాతగారి నడక మనం నడవట్లేదు. ఇంకో సంగతి, తొంభై ఏళ్ళు బతికిన తాతగారి గురించే మనం చెప్పుకుంటాం. నలభై అయిదుకే పోయిన ఆయన తమ్ముడి గురించి ఎవరూ కథలు చెప్పరు. లెక్కల్లో దీన్ని సగం డేటా చూసి తీర్పివ్వడం అంటారు.

నడక అన్నాను కాబట్టి ఒక పాత కథ చెప్పాలి. లండన్‌లో రెండంతస్తుల ఎర్ర బస్సులుండేవి కదా. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడానికి కిందకీ పైకీ మెట్లు ఎక్కి దిగుతూనే ఉంటాడు. ఒకే కంపెనీ, ఒకే రకం జీతగాళ్ళు. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు వాళ్ళని పోల్చి 1953లో ప్రకటించాడు, డ్రైవర్ల కంటే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని. వ్యాయామానికీ గుండెకీ సంబంధం ఉందని గట్టిగా చెప్పిన మొదటి పరిశోధన అది. ఆ తర్వాత వేరే వృత్తుల వాళ్ళ మీద చేసిన అధ్యయనాలూ అదే చెప్పాయి. చెప్పడమే కాదు, ఆయన తను కూడా పాటించి, 2009లో 99 ఏళ్ళ వయసులో పోయాడు. మన ఆర్.టి.సి. భాషలో చెప్పాలంటే, ఈ హాల్లో ఉన్నవాళ్ళం అందరం డ్రైవర్లమే. రోజుకి ఒక అరగంట కండక్టరు ఉద్యోగం చెయ్యమంటున్నాను, అంతే.

మూడోది: "టాబ్లెట్ మొదలెడితే జీవితాంతం వేసుకోవాలటండీ. అందుకే మొదలెట్టలేదు."

ఇది మనవాళ్ళ దగ్గర బాగా బలమైన వాదన. కళ్ళజోడు కూడా జీవితాంతం పెట్టుకోవాలి, దానికి అభ్యంతరం లేదు. మందు వేసుకుంటే బి.పి. తగ్గుతుంది, తగ్గింది కదా అని మానేస్తాం, మళ్ళీ పెరుగుతుంది. "చూశారా, అలవాటు పడిపోయింది" అంటాం. మందు అలవాటవలేదు, జబ్బు ఎక్కడికీ పోలేదు. సర్వర్ బాగా నడుస్తోంది కదా అని మానిటరింగ్ ఆపేసే ఇంజనీర్ని మనం ఉద్యోగంలో ఉంచుతామా?

కాకరకాయ, మెంతులు, దాల్చినచెక్క గురించి ఫోన్లో వచ్చే మెసేజీలు నాకూ వస్తాయి. కాకరకాయ వేపుడు నాకు ప్రాణం, తినండి. కానీ కాకరకాయ తిని టాబ్లెట్ మానెయ్యకండి. మందు మానాలన్నా, మార్చాలన్నా, అది రాసిన డాక్టరుతో మాట్లాడే చెయ్యండి. ఇండియా వెళ్ళినప్పుడు పక్కింటాయన వాడే మందు ఆర్నెల్లకి సరిపడా కొనుక్కొచ్చుకోవడం వైద్యం కాదు.

నాలుగోది మగవాళ్ళది: "అవన్నీ మా ఆవిడ చూసుకుంటుందండీ."

ఈ సాకు వింటేనే నాకు ఎక్కువ భయం వేస్తుంది. రెండు లక్షల లైన్ల కోడులో తప్పెక్కడుందో పట్టుకోగల మనిషికి తను రోజూ వేసుకునే టాబ్లెట్ పేరు తెలియదు. "తెల్లది, గుండ్రంగా ఉంటుంది" అంటాడు. అపాయింట్‌మెంట్ పెట్టేది ఆవిడ, గుర్తు చేసేది ఆవిడ, రిపోర్టు చదివేది ఆవిడ. మరి ఆవిడకి ఎవరు గుర్తు చేస్తున్నారు? ఆయన షుగరు, అత్తగారి మోకాళ్ళు, పిల్లల టీకాలు అన్నీ చూసి, తన మామోగ్రాం రెండేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చిన అక్కయ్యలు ఈ సభలో ఉన్నారు. ఎవరి ఒంటికి వాళ్ళు జవాబుదారీ అంటే ఇంట్లో ప్రేమ లేదని కాదు. ఒక మనిషి మీద ఇద్దరి బరువు వెయ్యకూడదని.

ఇక్కడ మనసులో మాట ఒకటి చెప్పాలి. 2018లో మా మిత్ర బృందంలో ఒకాయన పోయాడు. పేరు చెప్పను. 44 ఏళ్ళు. పొగ లేదు, మందు లేదు, ఆదివారం క్రికెట్ ఆడేవాడు. గురువారం రాత్రి ఛాతీలో మంటగా ఉంటే గ్యాస్ అనుకుని మజ్జిగ తాగి పడుకున్నాడు. తెల్లారేసరికి లేడు. రెండు రోజుల్లో మన సంఘం వాళ్ళు చందాలు పోగుచేసి శవాన్ని వాళ్ళ ఊరికి పంపించారు. మనవాళ్ళు ఇలాంటి వాటికి వెనకాడరు, అది మన గొప్పతనం. కానీ ఆయన భార్య వీసా ఆయన వీసా మీద ఆధారపడినది. ఆయన లేకపోతే ఆ వీసాకీ ఆధారం లేదు. లైఫ్ ఇన్స్యూరెన్స్ కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు, కంప్యూటర్ పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. మూడో నెలలో ఆవిడ ఇద్దరు పిల్లల్ని బడి మధ్యలో మాన్పించి తీసుకుని వెళ్ళిపోయింది. ఇక్కడే పుట్టి పెరిగిన పెద్దవాడు "నా సైకిలు కూడా వస్తుందా?" అని అడిగాడు. ఆ ఇంటి సామాను అట్టపెట్టెల్లో సర్దినవాళ్ళల్లో నేనొకణ్ణి.

ఆయన ముందే పరీక్షలు చేయించుకుని ఉంటే బతికేవాడా? ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. కొందరికి పుట్టుకతోనే రక్తంలో లైపోప్రోటీన్ లిటిల్ ఎ అనేది ఎక్కువగా ఉంటుంది. అయిదుగురిలో ఒకరికి ఉంటుందంటారు. తిండితో తగ్గదు, నడకతో తగ్గదు. తల్లిదండ్రుల నుంచి వచ్చేది వస్తుంది. రాత్రి పదకొండింటికి హైదరాబాదు వాళ్ళతో కాల్, పొద్దున్న ఏడింటికి ఇక్కడి మేనేజరుతో కాల్, నిద్ర సంగతి దేవుడెరుగు. అది కూడా ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. అందుకని జబ్బు చేసిన మనిషిని చూసి "ఏం తిన్నాడో, ఏం చేశాడో" అనే అలవాటు మనం మానుకోవాలి. తప్పు వేరు, బాధ్యత వేరు. వాన పడటం నా తప్పు కాదు. గొడుగు తీసుకెళ్ళడం నా బాధ్యత. నేనీ సాయంత్రం మాట్లాడుతున్నది గొడుగు గురించే.

సరే, గొడుగు ఎలా ఉంటుంది? మా నాన్నగారికి యాభైలోనే షుగర్ వచ్చింది. అంచేత నేను 35 ఏళ్ళు దాటినప్పటి నుంచి ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటూ, ఆ అంకెలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుంటున్నాను. మూడు నెలల సగటు షుగర్ చెప్పే ఎ1సి అనే పరీక్ష ఉంది. 5.7 లోపు ఉంటే మామూలు, 5.7 నుంచి 6.4 దాకా డయాబెటీస్‌కి ముందు మెట్టు, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే డయాబెటీస్. నాకు 5.4, 5.5, 5.6 అని మెట్లెక్కుతూ 42వ ఏట 6.0 వచ్చింది. విడిగా ఏ ఒక్క రిపోర్టు చూసినా భయం వెయ్యదు. వరసగా పెట్టి గీత గీస్తే అది ఎటు పోతోందో కనిపిస్తుంది. అందుకే రిపోర్టులు దాచుకోండి, డాక్టరు మారినా, ఊరు మారినా, ఉద్యోగం మారినా మీ చరిత్ర మీ దగ్గర ఉండాలి.

అప్పుడు మా డాక్టరుగారు 2002లో వచ్చిన ఒక అధ్యయనం గురించి చెప్పారు. డయాబెటీస్ అంచున ఉన్న 3,234 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఉత్తుత్తి మాత్ర. ఒక గుంపుకి మెట్‌ఫార్మిన్. మూడో గుంపుకి మందు లేదు. బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి, అంతే. సుమారు మూడేళ్ళ తర్వాత చూస్తే ఉత్తుత్తి మాత్ర వాళ్ళతో పోలిస్తే మందు గుంపులో డయాబెటీస్ 31 శాతం తగ్గింది, నడక గుంపులో 58 శాతం తగ్గింది. ఇలాంటిదే మన ఇండియాలో చెన్నై డాక్టర్లు 531 మంది మీద చేసి 2006లో ప్రకటించారు. అక్కడ తగ్గుదల సుమారు 28 శాతమే. మనకి అంత సులువుగా లొంగదన్న మాట. అయినా ఆ తగ్గుదల తక్కువేం కాదు కదా!

నేను చేసింది చెప్తాను. ఇది మందుచీటీ కాదు, ఒక ఉదాహరణ. అప్పుడు నా బరువు 172 పౌండ్లు. 7 శాతం అంటే 12 పౌండ్లు. అన్నం మానలేదు. నేను తూర్పుగోదావరి వాణ్ణి, అన్నం మానితే మా అమ్మ ఊరుకోదు. వండిన అన్నం ఒక కప్పులో సుమారు 45 గ్రాముల పిండి పదార్థం ఉంటుందని తెలుసుకుని, పూటకి ఒక కప్పు కొలిచి పెట్టుకోవడం మొదలెట్టాను. ఇదివరకు అన్నం ఎక్కువ, కూర తక్కువ. ఇప్పుడు కూర ఎక్కువ, అన్నం తక్కువ. పప్పు, పెరుగు యథాప్రకారం. ఆవకాయ అంచుకి మాత్రమే. రోజు మొత్తానికి ఉప్పు ఒక టీస్పూను మించకూడదంటారు, మన ఆవకాయకి ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు. కోలా డబ్బా ఒక్కదానిలో సుమారు 39 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే దాదాపు పది చెంచాలు. అవి ఇంట్లోకి తేవడం లేదు. రాత్రి భోజనం తర్వాత పదిహేను నిమిషాలు మా ఆవిడా నేనూ వీధి చివరిదాకా నడుస్తాం. వారానికి రెండు రోజులు చిన్న బరువులు ఎత్తుతాను, ఎందుకంటే మనకి తక్కువైంది కండే కదా. మంచు కురిసే నెలల్లో ఇండియన్ స్టోరుకి వెళ్ళే బదులు మాల్‌లో తిరుగుతాం. పదకొండు నెలలకి 160 పౌండ్లు, ఎ1సి 5.6. షాంపేన్ సీసాలేమీ పగలగొట్టలేదు. మళ్ళీ ఏడాదికి మళ్ళీ పరీక్ష. ఇది గెలిచి ఇంటికి పోయే ఆట కాదు.

ఇప్పుడు మీరు చెయ్యవలసినవి నాలుగే చెప్తాను.

ఒకటి, మీ అంకెలు తెలుసుకోండి. బి.పి. 120 కింద 80 లోపు ఉండటం మామూలు. 130 కింద 80 తాకితే ఎక్కువ కిందే లెక్క. ఎ1సి, కొలెస్టరాల్, నడుం కొలత. లైపోప్రోటీన్ లిటిల్ ఎ గురించి ఒకసారి డాక్టరుని అడగండి, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. 2018 నుంచి ఇక్కడి గుండె వైద్యుల మార్గదర్శకాల్లో దక్షిణాసియా సంతతి అన్నదే ముప్పు పెంచే కారణాల్లో ఒకటిగా చేరింది. మీ డాక్టరు ఆ సంగతి ఎత్తకపోతే మీరే ఎత్తండి, "మేం దక్షిణాసియా వాళ్ళం, మా నాన్నకి ఫలానా వయసులో గుండెపోటు వచ్చింది" అని. పెద్దపేగు కాన్సర్ పరీక్ష 45వ ఏట మొదలెట్టమంటున్నారు. ఆడవారికి మామోగ్రాం 40 నుంచి. ఏడాదికోసారి చేసే మామూలు పరీక్షకీ, ఇలాంటి ముందు జాగ్రత్త పరీక్షలకీ చాలా ఇన్స్యూరెన్స్ ప్లాన్లలో మన జేబులోంచి పైసా పెట్టక్కర్లేదు. కూపన్ ఉంటే పది మైళ్ళు పోయి బియ్యం బస్తా కొంటాం కదా, ఇది కూడా ఉచితమే, వాడుకోండి.

రెండు, గ్యాస్ అని మీకు మీరే తీర్పు ఇచ్చుకోకండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఊపిరాడకపోవడం. ఆడవారికీ, షుగర్ ఉన్నవారికీ నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, నీరసంలా కూడా రావచ్చు. వెంటనే 911కి ఫోన్ చెయ్యండి. కారేసుకుని మీరే బయల్దేరకండి. బిల్లు ఎంతవుతుందో అన్న ఆలోచన అప్పుడు వద్దు. వచ్చాక గ్యాసే అని తేలితే అదృష్టం, సిగ్గు పడాల్సిందేమీ లేదు. అలాగే కళ్ళ ముందు ఎవరైనా కుప్పకూలిపోతే, 911కి చెప్పి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కడం నేర్చుకోండి. దీనికి డాక్టరు డిగ్రీ అక్కర్లేదు, రెండు చేతులు చాలు.

మూడు, నిద్ర, మనసు. పెద్దవాళ్ళకి రాత్రికి ఏడు గంటల నిద్ర కావాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారు గుండె ఆరోగ్యానికి ముఖ్యమైన ఏడు సూత్రాలకి 2022లో నిద్రని ఎనిమిదోదిగా చేర్చారు. మనసు సంగతి మనం అసలు మాట్లాడుకోం. ఉద్యోగం పోయినవాడు పొద్దున్నే బాగ్ తగిలించుకుని లైబ్రరీకి వెళ్ళి సాయంత్రం ఇంటికొస్తున్నాడు, భార్యకి చెప్పలేక. ఇండియాలో అమ్మ పోతే వీసా స్టాంపింగ్ భయంతో వెళ్ళలేక ఒక్కడే ఏడ్చినవాళ్ళున్నారు. "ఎలా ఉన్నారు?" అంటే "బాగున్నాం" అని చెప్పడం మర్యాద. కానీ ఒక్క మనిషికైనా నిజం చెప్పండి. మరీ చీకటిగా అనిపిస్తే, ఈ దేశంలో 2022 జూలై నుంచి 988 అనే నంబరు ఉంది, ఏ వేళైనా ఎవరైనా పలుకుతారు. 911 మన పిల్లలకి నేర్పించినట్టే 988 కూడా నేర్పించండి.

నాలుగు, ఇంట్లో ఒక కాగితం పెట్టుకోండి. భార్యాభర్తలిద్దరికీ చెరొకటి. మందుల పేర్లు, పడని మందులు, డాక్టరు నంబరు, ఇన్స్యూరెన్స్ వివరాలు, ముఖ్యమైన పాస్‌వర్డులు ఎక్కడున్నాయో అన్న సంగతి. ఆఫీసులో సర్వరుకి బ్యాకప్ లేకపోతే ఉద్యోగం పోతుందని భయపడతాం. ఇంటికి మాత్రం బ్యాకప్ ఉండదు. తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినప్పుడు వాళ్ళ కాగితం కూడా రాయండి. వాళ్ళు "నాకేం లేదురా, నిక్షేపంగా ఉన్నాను" అంటారు. నమ్మకండి. సంచి తెరిచి చూస్తే ఆరు రకాల టాబ్లెట్లుంటాయి.

ఇవన్నీ ఒక్కసారిగా మొదలెట్టమనను. ఉగాదికి మొదలెట్టి శ్రీరామనవమికి మానేసే వ్రతాలు మనందరికీ తెలిసినవే. ఈ నాలుగింట్లో ఒక్కటి ఎంచుకోండి. మీకు ఏది తేలికో అదే.

మన సంఘానికి కూడా ఒక విన్నపం. పండగకీ పబ్బానికీ హాలు అద్దెకి తీసుకుంటాం, నాటకాలు వేస్తాం, పాటల పోటీలు పెడతాం. ఏడాదికి రెండుసార్లు మన డాక్టర్లని బతిమాలుకుని, హాల్లో ఒక మూల బి.పి. చూసే బల్ల ఒకటి వెయ్యండి. ఛాతీ నొక్కడం నేర్పే గంట పాఠం ఒకటి పెట్టండి. ఎవరైనా పోయినప్పుడు చందాలు పోగుచెయ్యడంలో మనం దేశంలోనే ముందుంటాం. పోకుండా చూసుకోవడంలో కూడా కొంచెం ముందుకొద్దాం.

ఆఖరుగా ఒక్క మాట. మన వెనక ఇండియాలో అమ్మానాన్నలున్నారు, మన ముందు ఇక్కడ పిల్లలున్నారు. మధ్యలో వంతెనలా ఉన్నది మన తరం. వంతెనని ఎప్పటికప్పుడు తనిఖీ చెయ్యాలని ఇంజనీరింగు మొదటి సంవత్సరంలోనే చెప్పారు. బీటలు కనిపించాక కాదు, కనిపించకముందే. ఆ తనిఖీకి వేరే ఇన్స్పెక్టరు రాడు. ఆ సంతకం పెట్టాల్సింది మనమే.

ద్వారం దగ్గర బల్ల మీద ఖాళీ కాగితాలు పెట్టించాను, నాలుగో సూత్రంలో చెప్పినవి. తలా ఒకటి తీసుకెళ్ళండి. మగవాళ్ళు కూడా. ఈ రాత్రికే మీ టాబ్లెట్ పేరు మీ చేత్తో రాసి చూడండి. "తెల్లది, గుండ్రంగా ఉంటుంది" అని రాస్తే ఒప్పుకోం.